ఆట మార్చిన కుర్రాడికి రెండేళ్ళు ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో పదకొండేళ్ళుగా కాపురం ఉంటున్న మీ పాఠకుణ్ణి. ఫోన్‌లోనే అయినా మీ పత్రికను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే అలవాటు ఇంకా పోలేదు కాబట్టి, ఆస్ట్రేలియా క్రీడల గురించి అప్పుడప్పుడు వచ్చే చిన్న వార్తలు కూడా నా కంటపడకుండా పోవు. బాస్కెట్‌బాల్ ఆడే పొడుగాటి కుర్రాడెవరైనా ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరితే, ఆ కబురు మన పత్రికలకు, మన వాళ్ళ వాట్సాప్ గుంపులకు రెండే రెండు తీరుల్లో చేరుతుంది. అక్కడ రాణించలేక ఇక్కడికి వచ్చాడన్నది ఒకటి. బంతి ఏ ఆకారంలో ఉంటుందో కూడా తెలియనివాడు రాత్రికి రాత్రి వీరుడయ్యాడన్నది రెండోది. ఈ రెండూ నిజం కావనీ, రెంటికీ నడుమ గడిచే కాలమే అసలు వార్త అనీ చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

నాకు ఈ విషయం పట్టుకోవడానికి కారణం మా అబ్బాయి. వాడు శనివారాలు దగ్గర్లోని బాస్కెట్‌బాల్ క్లబ్‌లో ఆడతాడు. అక్కడ చిన్నపిల్లలకు మెళకువలు నేర్పే పంతొమ్మిదేళ్ళ కుర్రాడొకడు, దాదాపు రెండు మీటర్ల మనిషి, నిరుడు నవంబరులో హఠాత్తుగా రావడం మానేశాడు. ఫుట్‌బాల్ క్లబ్‌ల సన్నాహక శిక్షణ మొదలయ్యే నెల అది. రెండో శ్రేణి క్లబ్ ఒకటి అతణ్ణి డెవలప్‌మెంట్ ప్లేయర్‌గా, అంటే ఇంకా తయారవుతున్న ఆటగాడిగా, తీసుకుందని తర్వాత తెలిసింది. కోర్టు పక్క బెంచీ మీద కూర్చునే మా తెలుగు తల్లిదండ్రుల మధ్య ఆ రోజు నడిచిన మాటలు నాకింకా గుర్తున్నాయి. "పాపం, బాస్కెట్‌బాల్‌లో పైకి పోయే దారి దొరకలేదట" అన్నారొకరు. "ఇంజనీరింగ్‌లో సీటు రాక డిగ్రీలో చేరినట్టన్నమాట" అన్నారు ఇంకొకరు. నేను కూడా తల ఊపాను. కొన్ని వారాల తర్వాత ఆ కుర్రాడు పాత స్నేహితుల్ని చూడటానికి వచ్చినప్పుడు, మోచేతుల నిండా గీరుకుపోయిన గాట్లు చూసి పలకరించాను. అరగంటసేపు అతను చెప్పినవి విన్నాక ఆ తల ఊపినందుకు సిగ్గుపడ్డాను.

ఆట తెలియని పాఠకుల కోసం కొంచెం చెప్పాలి. తెలుగులో ఫుట్‌బాల్ అంటే సాకరే; ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఆ మాట అంటే, ముద్దుగా ఫుటీ అంటే, పూర్తిగా వేరే ఆట. (మన పత్రికలు ఏ విశేషణమూ లేకుండా ఫుట్‌బాల్ అని రాసేసి పాఠకుణ్ణి తికమకపెట్టడం నాకున్న చిన్న ఫిర్యాదు.) క్రికెట్ మైదానమంతటి అండాకారపు పచ్చికలో ఒక్కో జట్టు తరఫున పద్దెనిమిది మంది ఆడతారు. బంతి కూడా అండాకారమే. ఒక్కో చివర నాలుగేసి స్తంభాలుంటాయి; నడిమి రెండింటి మధ్య నుంచి తన్ని పంపితే గోల్, ఆరు పాయింట్లు; పక్క స్తంభాల మధ్య నుంచి పోతే ఒక్క పాయింటు. బంతిని తన్నవచ్చు, లేదా ఒక చేతిలో పట్టుకుని రెండో చేతి పిడికిలితో గుద్ది సహచరుడికి అందించవచ్చు. విసరడం మాత్రం నిషిద్ధం. కనీసం పదిహేను మీటర్లు తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే దాన్ని మార్క్ అంటారు. అప్పుడు ఎవరూ మీదపడకుండా నిదానంగా తన్నుకునే హక్కు వస్తుంది. ఆట మొదలయ్యేటప్పుడు, గోల్ పడ్డ ప్రతిసారీ, రెండు జట్ల నుంచి ఒక్కో పొడుగాటి మనిషి మైదానం మధ్యలో గాల్లోకి ఎగిరి, బంతిని తనవాళ్ళ వైపు తట్టడానికి పోటీపడతాడు. అతణ్ణి రక్‌మన్ అంటారు. బాస్కెట్‌బాల్‌లో జంప్‌బాల్ చూసినవారికి ఇది ఎక్కడో చూసినట్టే అనిపిస్తుంది.

క్లబ్‌ల చూపు బాస్కెట్‌బాల్ కోర్టుల మీద పడటానికి కారణం అక్కడుంది. గాల్లో ఉన్న బంతి ఎక్కడ దిగుతుందో ముందుగా అంచనా వేసి, ఎదుటివాణ్ణి ఒంటితో పక్కకు నెట్టి ఉంచి, చేతులు పైకి చాచి అందుకోవడం రీబౌండ్‌కూ (బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతిని అందుకోవడానికి) మార్క్‌కూ ఒకటే విద్య. ఇరుకు చోట నలుగురు చుట్టుముట్టినా తల తిప్పకుండానే సహచరుడు ఎక్కడున్నాడో చూడగలగడం కూడా కోర్టు నేర్పేదే. దీనికి తోడు లెక్క ఒకటుంది. ఆస్ట్రేలియా జాతీయ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఉన్నవి పది క్లబ్‌లు. ఒక్కో జట్టులో పట్టుమని పదిహేనుమంది ఉండరు. ఫుటీ అగ్రశ్రేణి లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌లో పద్దెనిమిది క్లబ్‌లు, ఒక్కోదానిలో నలభైమందికి పైగా ఆటగాళ్ళు. పైగా రెండు మీటర్ల మనిషి బాస్కెట్‌బాల్‌లో సగటు మనిషి. ఫుటీలో అతను అరుదైన సరుకు. అందుచేత అతను మారాడంటే అర్హత తగ్గి మారాడనుకోనక్కరలేదు, తన ఒంటికి గిరాకీ ఉన్న చోటికి వెళ్ళాడని కూడా అనుకోవచ్చు.

అయితే బాస్కెట్‌బాల్ నేర్పనివి కూడా చాలానే ఉన్నాయి, వాటి గురించే ఎవరూ రాయరు. కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15. ఫుటీ మైదానం పొడవు 135 నుంచి 185 మీటర్ల దాకా ఉండవచ్చు. కోర్టులో ఎదుటివాడు ఎటు నుంచి వస్తాడో తెలుస్తుంది. ఇక్కడ వెనక నుంచి, పక్క నుంచి, గాల్లో ఉండగా నడుము మీదికి కూడా వస్తాడు. నడిమి వరుసల్లో ఆడేవాడు ఒక మ్యాచ్‌లో పన్నెండు పదమూడు కిలోమీటర్లు పరుగెత్తుతాడు. నేలమీద పడ్డ అండాకారపు బంతి ఎటు ఎగురుతుందో చెప్పడం దాన్ని చేసినవాడి తరం కూడా కాదు. పొడుగాటివాడు దానికోసం వంగేలోపల పొట్టివాడు ఎత్తుకుపోతాడు. ఇక తన్నడం. ఆ కుర్రాడు నాకు చెప్పినదాన్ని బట్టి తప్పు కాలిలో కంటే చేతిలోనే ఎక్కువ ఉంటుందట. బంతిని నిలువుగా పట్టుకుని, వణుకు లేకుండా, ప్రతిసారీ అదే ఎత్తు నుంచి, అదే వాలులో కాలి మీదికి జారవిడవాలి. అది రవ్వంత పక్కకు తిరిగినా తన్ను వంకరపోతుంది. ఆరేళ్ళప్పుడే ఆస్‌కిక్ అనే పిల్లల ఫుటీ శిబిరాల్లో ఈ జారవిడుపు నేర్చుకున్న పిల్లలతో, పంతొమ్మిదేళ్ళప్పుడు మొదలుపెట్టినవాడు పోటీపడాలి. అన్నిటికంటే తనను ఎక్కువగా వేధిస్తున్నది మాత్రం వేరే అన్నాడు. ఒత్తిడి పెరగగానే పాత అలవాటు పైకి వచ్చి, చేతిలోని బంతిని బాస్కెట్‌బాల్ పాస్‌లా విసిరేస్తాడట. వెంటనే ఈల మోగుతుంది, బంతి ఎదుటి జట్టుకు పోతుంది. వీణ చేయి తిరిగినవాడికి వయొలిన్ ఇచ్చినట్టుంది అతని స్థితి. స్వరజ్ఞానం ఎక్కడికీ పోదు, కాని వేళ్ళు వెతికే మెట్లు ఈ వాద్యం మీద లేవు.

ఇంత నేర్చుకోవలసి ఉందని ఏఎఫ్ఎల్‌కు తెలుసు కాబట్టే అలాంటివారి కోసం నియమావళిలో విడిగా ఒక గది కట్టింది. దాన్ని కేటగిరీ-బి రూకీ అంటారు; రూకీ అంటే కొత్తగా చేరిన ఆటగాడు. కనీసం మూడేళ్ళపాటు ఏ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ పోటీలోనూ నమోదు కాని యువకులనూ, విదేశాల నుంచి వచ్చినవారినీ క్లబ్‌లు డ్రాఫ్ట్‌తో (వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ప్రక్రియతో) పని లేకుండా ఈ జాబితాలోకి నేరుగా తీసుకోవచ్చు. మూడేళ్ళ షరతు ఎందుకంటే, అది లేకపోతే ఫుటీలోనే పెరిగిన మంచి ఆటగాణ్ణి ఒక ఏడాది దాచిపెట్టి దొడ్డిదారిన తెచ్చుకోవచ్చు. ఈ గదిలో ఉన్నవాడికి జీతం అందుతుంది, శిక్షకులుంటారు, వారాంతాల్లో రెండో శ్రేణి పోటీల్లో ఆడతాడు, వెంటనే గెలిపించమని ఎవరూ అడగరు. మా క్లబ్ కుర్రాడు ఈ జాబితాలో కూడా లేడు, అంతకంటే ఒక మెట్టు కిందే ఉన్నాడు. కాని పద్ధతి అదే.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చెప్పడానికి మేసన్ కాక్స్ కథను మించినది లేదు. అది అందరికీ తెలిసిన కథే అయినా, అందరూ చెప్పే చోట కాకుండా వేరేచోట మొదలుపెడతాను. టెక్సస్‌లో పెరిగిన ఈ 211 సెంటీమీటర్ల మనిషి చదివింది మెకానికల్ ఇంజనీరింగ్. (మన పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగుతారని నాకు తెలుసు.) ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో మొదట మహిళల బాస్కెట్‌బాల్ జట్టు సాధనలో ఎదురు నిలబడటానికి పనికొచ్చే పొడుగువాడిగా చేరి, తర్వాత స్కాలర్‌షిప్ లేకుండానే పురుషుల జట్టులో బెంచీ మీద చోటు సంపాదించాడు. 2014లో అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళ కోసం ఏఎఫ్ఎల్ లాస్ ఏంజిల్స్‌లో పెట్టిన పరీక్షా శిబిరానికి వెళ్ళాడు, మే నెలలో కాలింగ్‌వుడ్ క్లబ్‌తో ఒప్పందం కుదిరింది. అప్పటికి అతనికి ఇరవైమూడేళ్ళు. 2016 ఏప్రిల్ 25న, యుద్ధాల్లో పోయిన సైనికులను స్మరించుకునే ఆన్జాక్ దినాన, ఎసెండన్ మీద ఎనభై వేలకు పైగా జనం ముందు తొలి మ్యాచ్ ఆడి, మొదటి తన్నులోనే గోల్ కొట్టాడు. 2018 ప్రిలిమినరీ ఫైనల్లో (సెమీఫైనల్ లాంటిది), అంతకు ముందు ఏడాది విజేత అయిన రిచ్‌మండ్ మీద రెండో క్వార్టర్‌లోనే మూడు గోల్స్ చేశాడు. ఎంసీజీ స్టాండ్లలో కాలింగ్‌వుడ్ అభిమానులు యూఎస్ఏ అని అరవడం ఆ రోజు టీవీలో విన్నవాళ్ళలో నేనొకణ్ణి. 2023లో కాలింగ్‌వుడ్ నాలుగు పాయింట్ల తేడాతో బ్రిస్బేన్ మీద గెలిచిన గ్రాండ్ ఫైనల్ జట్టులో కూడా అతనున్నాడు.

వార్తగా వచ్చేవి ఆ గోల్, ఆ మూడు గోల్స్, ఆ పతకం. కాని 2014 మే నుంచి 2016 ఏప్రిల్ దాకా దాదాపు రెండేళ్ళున్నాయి. ఆ రెండేళ్ళు అతను రెండో శ్రేణి విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో, జనం పలచగా వచ్చే మైదానాల్లో, తన్నడం నేర్చుకున్నాడు. ఆ మొదటి తన్ను గోల్ అయిందంటే వెనక కొన్ని వేల తన్నులున్నాయి. రాత్రికి రాత్రి అని రాసే కలం ఆ రెండేళ్ళను ఒక్క గీతతో కొట్టేస్తోంది.

అతనికంటే ముందు అదే దారిలో వచ్చిన జేసన్ హోమ్స్ గురించి రాసేవాళ్ళు తక్కువ. కళాశాల బాస్కెట్‌బాల్ నుంచి 2013లో సెయింట్ కిల్డా క్లబ్‌కు వచ్చిన హోమ్స్, అమెరికాలో పుట్టి పెరిగి 2015లో ఏఎఫ్ఎల్ సీనియర్ మ్యాచ్ ఆడిన మొట్టమొదటివాడు. అతను ఆడిన సీనియర్ మ్యాచ్‌లు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే. ఆ కాలంలో వచ్చిన మరికొందరు ఒక్కటి కూడా ఆడకుండానే విమానం ఎక్కారు. వాళ్ళనూ మోసపోయినవాళ్ళుగా చూపనక్కరలేదు. రెండు మూడేళ్ళు జీతం తీసుకుని ఒక విద్యలో శ్రమించి, అది తనకు అబ్బదని తేల్చుకుని వెనక్కి వెళ్ళడం ఇరవై అయిదేళ్ళ మనిషికి సిగ్గుచేటు ఎలా అవుతుంది?

ఇంకొక సంగతి ఈ వార్తల్లో ఎప్పుడూ కలగాపులగం అవుతుంది. కాక్స్, హోమ్స్ లాంటివారు ఈ ఆటను పెద్దయ్యాక మొదటిసారి చూసినవాళ్ళు. ఆస్ట్రేలియాలో పుట్టి మారేవాళ్ళలో చాలామంది అలాంటివాళ్ళు కారు. చిన్నప్పుడు చలికాలం ఫుటీ, మిగతా కాలం బాస్కెట్‌బాల్ ఆడి, ఏదో ఒక వయసులో రెంటిలో ఒకటి వదులుకున్నవాళ్ళు. టాస్మానియాకు చెందిన హ్యూ గ్రీన్‌వుడ్ అమెరికాలో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయానికి నాలుగేళ్ళు బాస్కెట్‌బాల్ ఆడి, 2015లో అడిలైడ్ క్లబ్ రూకీగా ఫుటీకి వచ్చాడు. తొలి మ్యాచ్ ఆడేటప్పటికి 2017. ఇక్కడ కూడా ఆ రెండేళ్ళే. కాలింగ్‌వుడ్ తరఫున నాలుగు వందలకు పైగా మ్యాచ్‌లు ఆడిన స్కాట్ పెండిల్‌బరీ పదహారు పదిహేడేళ్ళ వయసులో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో బాస్కెట్‌బాల్ స్కాలర్‌షిప్ వదులుకుని ఫుటీకి వచ్చాడు. ఖాళీ అయిన ఆ చోటు ప్యాటీ మిల్స్‌కు దక్కింది, మిల్స్ 2014లో శాన్ ఆంటోనియో జట్టుతో ఎన్‌బీఏ విజేత అయ్యాడు. ఒకడు వదిలిన కుర్చీ ఇంకొకడికి పనికొచ్చింది, ఇద్దరిలో ఎవరూ ఓడిపోలేదు. డీన్ బ్రోగన్ అయితే 1998లో అడిలైడ్ థర్టీసిక్సర్స్‌తో జాతీయ బాస్కెట్‌బాల్ టైటిల్ గెలిచాక మారి, 2004లో పోర్ట్ అడిలైడ్‌తో ఏఎఫ్ఎల్ ప్రీమియర్‌షిప్ కూడా గెలిచాడు. రెండు లీగ్‌లలోనూ విజేత అయిన మొదటివాడతను. బాస్కెట్‌బాల్‌లో రాణించలేక వచ్చాడని అతని గురించి ఎవరైనా అనగలరా?

ఎరిన్ ఫిలిప్స్ సంగతి మరీ వేరు. తండ్రి గ్రెగ్ ఫిలిప్స్ పోర్ట్ అడిలైడ్‌కు పేరున్న ఫుటీ ఆటగాడు. ఆమె కూడా చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఫుటీయే ఆడింది. పదమూడేళ్ళు వచ్చేసరికి ఆడపిల్లలకు అక్కడితో దారి మూసుకుపోవడంతో బాస్కెట్‌బాల్‌కు వెళ్ళింది. ఒలింపిక్ రజతం గెలిచింది, అమెరికా మహిళల లీగ్‌లో 2012లో ఇండియానాతో, 2014లో ఫీనిక్స్‌తో విజేత అయింది. 2017లో మహిళల ఏఎఫ్ఎల్ మొదలైనప్పుడు ముప్పై ఒకటో ఏట అడిలైడ్‌కు వచ్చి, ఆ తొలి సీజన్‌లోనే లీగ్ అత్యుత్తమ క్రీడాకారిణిగా నిలిచి, ప్రీమియర్‌షిప్ గెలిచింది. 2019లో ఆ రెండూ మళ్ళీ సాధించింది. ఆమెను ఆట మార్చిన క్రీడాకారిణి అని రాసేవాళ్ళు, మొదటిసారి ఆమె చేత ఆట మార్పించింది ఎవరో కూడా రాస్తే బాగుంటుంది.

మన వైపు కూడా ఇంట్లోని ఆటను కాదని వేరే ఆట పట్టినవాళ్ళు లేకపోలేదు. పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులే. తండ్రి రమణ 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టులో ఆడారు. ఆమె బ్యాడ్మింటన్ రాకెట్ పట్టుకున్నందుకు మనమెవరమూ వాలీబాల్‌లో రాణించలేకపోయిందని అనలేదు. ఇక్కడ జీలాంగ్ క్లబ్‌కు ఆడే మార్క్ బ్లిట్సావ్స్ తల్లిదండ్రులు కూడా ఆస్ట్రేలియా బాస్కెట్‌బాల్ జట్లకు ఆడినవారే. అతనేమో స్టీపుల్‌చేజ్ పరుగు పందేల నుంచి ఫుటీకి వచ్చి 2022లో ప్రీమియర్‌షిప్ గెలిచాడు. తేడా ఏమిటంటే సింధు మార్పు బాల్యంలోనే జరిగిపోయింది. పంతొమ్మిదేళ్ళప్పుడు మారినవాణ్ణి చూస్తేనే మనకు ఏదో నష్టం జరిగినట్టుంటుంది. పదహారేళ్ళకే పిల్లవాడి దారి ఖరారైపోవాలని అనుకునే ఇళ్ళలో పెరిగినవాళ్ళం కదా, ఆ చూపే ఆట మీద కూడా పడుతుంది. మెల్‌బోర్న్‌కు వచ్చి ఇన్నేళ్ళయినా నాలో అది పూర్తిగా పోలేదని ఆ బెంచీ మీద తెలిసింది.

ఇంతకీ మీతో నాకున్న పని చిన్నది. ఇకమీదట ఇటువంటి కుర్రాడి గురించి మీ క్రీడా పేజీలో వార్త వేసేటప్పుడు, అతను ఎప్పుడు చేరాడు, తొలి మ్యాచ్ ఎప్పుడు ఆడాడు అన్న రెండు తేదీలూ దయచేసి పక్కపక్కన ఇవ్వండి. చోటుంటే ఆ రెంటి మధ్య ఎక్కడ ఆడాడో, ఏం నేర్చుకున్నాడో ఒక్క వాక్యం రాయండి. మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్‌లలో పెరుగుతున్న తెలుగు పిల్లలు కోర్టుల్లోనూ ఆస్‌కిక్ శిబిరాల్లోనూ ఇప్పుడు కనబడుతున్నారు. వాళ్ళలో ఎవరైనా రేపు ఒకటి వదిలి ఇంకొకటి పట్టుకుంటామంటే, ఆ తల్లిదండ్రులకు అనంతపురం నుంచో వరంగల్ నుంచో ఫోన్ చేసే తాతయ్యలు, అమ్మమ్మలు ఈ సంగతిని మీ పత్రికలోనే చదివి ఉంటారు. వాళ్ళు చదివేది ఎలా ఉంటే మనవడితో మాట్లాడే తీరూ అలాగే ఉంటుంది.

మా క్లబ్ కుర్రాడి పేరు, అతను చేరిన క్లబ్ పేరు ఈ లేఖలో కావాలనే రాయలేదు. అతనింకా ఒక్క సీనియర్ మ్యాచ్ కూడా ఆడలేదు. మొన్న ఆదివారం మా ఇంటి దగ్గరి మైదానంలో ఒక్కడే కనిపించాడు. బంతిని తన్నడం లేదు. ఛాతీ ఎత్తున నిలువుగా పట్టుకుని, కాలి మీదికి జారవిడిచి, మళ్ళీ తీసుకుని, మళ్ళీ జారవిడుస్తున్నాడు. మా అబ్బాయి కాసేపు చూసి, వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
టార్నీట్, మెల్‌బోర్న్